హెచ్‌ఎస్-సీఆర్‌పీ ఎక్కువ వస్తే గుండె నాళాల్లో బ్లాకులు ఉన్నట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 46, సిగరెట్ అలవాటు లేదు, షుగర్ లేదు, బీపీ అంచుల్లో ఉంది, పొట్ట కొంచెం పెరిగింది. చెకప్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118, హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపు-మంటను, చూపే రక్తపరీక్ష) 4.6 వచ్చాయి. నాన్నగారికి 52వ ఏట స్టెంట్ వేశారు. ఈ 4.6 అంటే గుండె నాళాల్లో బ్లాకులు ఉన్నట్టేనా, దాన్ని తగ్గించడానికి మందు వేసుకోవాలా, నెలనెలా టెస్ట్ చేయించుకోవాలా?

మొదటి ప్రశ్నకు జవాబు: అలా చెప్పలేం. ఈ టెస్టుకు బ్లాకులు కనిపించవు. నాళాలు బాగా పూడుకుపోయినవాళ్లలో కూడా ఇది 1 లోపు ఉండొచ్చు. నాళాలు శుభ్రంగా ఉన్న మనిషికి జ్వరం వచ్చిన వారంలో 20 దాటొచ్చు. అలాగని రిపోర్టు పక్కన పడేయమని మాత్రం అనను. నాన్నగారి సంగతి తెలిశాక అసలు అనను. చాలా ఏళ్లుగా గుండె జబ్బుల వైద్యంలో ఉన్నాను. ఈ ఒక్క అంకెను చూసి రాత్రుళ్లు నిద్రపోనివాళ్లూ ఉన్నారు, ఇదే అంకెను పట్టించుకోకుండా వదిలేసి తర్వాత గుండెపోటుతో వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సీఆర్‌పీ అనేది లివర్ తయారుచేసే ఒక ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ దీన్ని న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా, కణజాలం దెబ్బతిన్నా అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతాన్ని రక్తంలోకి వదులుతాయి. అది లివర్‌కు చేరితే కొద్ది గంటల్లోనే సీఆర్‌పీ పెరగడం మొదలై, సుమారు 48 గంటలకు పతాకస్థాయికి చేరుతుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో వెయ్యి రెట్లు పెరిగినా ఆశ్చర్యం లేదు. కారణం తొలగిపోయాక దాదాపు ప్రతి 19 గంటలకూ సగం చొప్పున పడిపోతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, సీఆర్‌పీ ఆ పొగ. అయితే పొగ ఏ గదిలోంచి వస్తోందో అది చెప్పదు. చిగుళ్లలోంచా, కీళ్లలోంచా, పొట్ట చుట్టూ ఉన్న కొవ్వులోంచా, గుండె నాళంలోంచా అన్నది మనం వెతుక్కోవాల్సిందే.

మామూలు సీఆర్‌పీ, హెచ్‌ఎస్-సీఆర్‌పీ రెండూ ఒకే ప్రోటీన్. రెండోది చాలా తక్కువ మోతాదులను కూడా సన్నగా కొలిచే పద్ధతి, అంతే తేడా. గుండె విషయంలో మనకు కావాల్సిన తేడాలన్నీ 0.5కీ 5కీ మధ్యే ఉంటాయి కాబట్టి ఈ సన్నటి కొలత అవసరం. ఇక్కడే ఒక మాట: రిపోర్టులో యూనిట్ తప్పకుండా చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. రెంటికీ మధ్య పది రెట్ల తేడా. ఒకాయన రిపోర్టులో 0.46 అని ఉంటే ఒకటి కూడా లేదు కదా అని ధైర్యంగా ఉన్నాడు. అది డెసిలీటరుకు. లీటరు లెక్కకు మారిస్తే అచ్చంగా మీ 4.6. మీది ఏ లెక్కలో ఉందో ఒకసారి చూసుకోండి. ఇక్కడ నుంచి నేను రాసేదంతా లీటరు లెక్కే.

2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కలిసి కొన్ని హద్దులు పెట్టాయి. 1 లోపు ఉంటే గుండె రిస్క్ తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఆ అంకెను గుండె లెక్కలోకి తీసుకోకూడదు. ముందు ఇన్‌ఫెక్షనో మరొకటో ఏముందో వెతికి, అది తగ్గాక మళ్లీ చేయాలి. ఒక్క టెస్టుతో తేల్చకుండా, ఒంట్లో బాగున్నప్పుడు రెండు వారాల తేడాతో రెండుసార్లు చేసి సగటు తీసుకోమన్నాయి. ఆచరణలో ఎక్కువమంది మర్చిపోయేది ఈ రెండోసారి టెస్టునే.

ఇక అసలు ఇన్‌ఫ్లమేషన్‌కూ గుండె నాళాలకూ సంబంధం ఏమిటో చూద్దాం. పాత రోజుల్లో, పైపులో తుప్పు పేరుకున్నట్టు కొలెస్ట్రాల్ పేరుకుని నాళం మూసుకుపోతుందని అనుకునేవారు. జరిగేది వేరు. ఎల్‌డీఎల్ కణాలు నాళం లోపలి పొర కిందికి దూరి చిక్కుకుపోతాయి, అక్కడ రసాయనికంగా మారతాయి. వాటిని ఏరేయడానికి రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలు లోపలికి దిగి, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లుగా మారి, కొలెస్ట్రాల్‌ను మింగడం మొదలుపెడతాయి. మోయలేనంత మింగి, ఉబ్బి, అక్కడే చచ్చిపోతాయి. అరగని కొలెస్ట్రాల్ సన్నటి మొనదేలిన స్ఫటికాలుగా మారుతుంది. ఆ స్ఫటికాలు మిగిలిన మాక్రోఫేజ్‌లలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమాజోమ్ అనే యంత్రాంగాన్ని రెచ్చగొడతాయి. దాని వల్ల ఇంటర్‌ల్యూకిన్-1బీటా పుడుతుంది, దాని ప్రేరణతో ఇంటర్‌ల్యూకిన్-6, ఆ తర్వాత లివర్‌లో సీఆర్‌పీ. మీ రిపోర్టులో కనిపించేది ఈ వరుసలో చిట్టచివరిది.

ఇలా నాళం గోడలో పేరుకున్న పూడికనే ప్లాక్ అంటాం. దాని మీద కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్‌తో అల్లిన మూత ఒకటి ఉంటుంది. లోపలి మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు ఆ కొలాజెన్‌ను మెల్లగా కరిగించేస్తాయి. మూత మందం 65 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో సుమారు పదిహేనో వంతుకు తగ్గిపోయిన ప్లాక్‌లను చాలా ప్రమాదకరమైనవిగా చూస్తాం. అలాంటి మూత చిట్లితే లోపలి పదార్థం రక్తానికి తగిలి, నిమిషాల్లో గడ్డ కట్టి, నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. సగం కూడా పూడుకోని నాళంలో కూడా ఇలా జరగొచ్చు. ట్రెడ్‌మిల్ టెస్ట్ నార్మల్ అని చెప్పించుకున్న మనిషికి ఆ తర్వాత కొన్నాళ్లకే గుండెపోటు ఎలా వచ్చిందని కుటుంబాలు తల్లడిల్లుతూ అడిగే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. ప్లాక్ ఎంత పెద్దది అన్నదానితోపాటు, అది ఎంత రగులుతోంది అన్నది కూడా ముఖ్యం.

ఒంట్లో ఎక్కడో వచ్చిన ఇన్‌ఫ్లమేషన్ కూడా ఈ మూతల మీద దెబ్బ కొడుతుంది. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ల్యాబులో నిర్ధారణ అయిన ఫ్లూ వచ్చిన మొదటి వారంలో గుండెపోటు రిస్క్ సుమారు ఆరు రెట్లు పెరిగినట్టు తేలింది. గుండె జబ్బు ఉన్నవాళ్లను ఏటా ఫ్లూ టీకా వేయించుకోమని గట్టిగా చెప్పేది ఇందుకే. టీకా అంటే చిన్న విషయంలా తీసేస్తారు గానీ, మా దగ్గరున్న చౌకైన, మంచి ఆయుధాల్లో అదొకటి.

సీఆర్‌పీ గుండె రిస్క్‌ను ముందే చెప్పగలదని పెద్ద ఎత్తున తెలిసింది 1997లో. అమెరికా పరిశోధకుడు పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా ఉన్న మగ డాక్టర్ల నుంచి ఏళ్ల ముందు తీసి దాచిన రక్తాన్ని పరీక్షించింది. సీఆర్‌పీ ఎక్కువ ఉన్నవాళ్లకే తర్వాతి కాలంలో గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువ వచ్చాయి. 2002లో 27,939 మంది ఆడవాళ్ల మీద వచ్చిన ఫలితాల్లో, ఎల్‌డీఎల్ కంటే సీఆర్‌పీయే రిస్క్‌ను మెరుగ్గా పసిగట్టింది. ఆ జబ్బుల్లో దాదాపు సగం ఎల్‌డీఎల్ 130 లోపు ఉన్నవాళ్లకే వచ్చాయి. మీకు 118 ఉంది కాబట్టి కొలెస్ట్రాల్ బాగానే ఉంది అని ఎవరైనా భుజం తట్టి పంపేస్తే నేను ఒప్పుకోకపోవడానికి అదొక కారణం.

2008లో వచ్చిన జూపిటర్ ట్రయల్ మీ పరిస్థితికి బాగా దగ్గర. ఎల్‌డీఎల్ 130 లోపు, హెచ్‌ఎస్-సీఆర్‌పీ 2 లేదా ఆపైన ఉన్న 17,802 మందిలో కొందరికి రోసువాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ జాతి మందు) 20 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి 44 శాతం తగ్గాయి. రెండేళ్లు కూడా నిండకముందే ట్రయల్ ఆపేశారు. 44 శాతం అనగానే కళ్లు పెద్దవవుతాయి గానీ, అసలు లెక్క చూడండి: ఏడాదికి వంద మందిలో 1.36 నుంచి 0.77కు తగ్గింది. మేలు నిజమే, కానీ మొదటే రిస్క్ తక్కువ ఉన్న మనిషికి దక్కేది కొంచెమే. పైగా అందులో చేరిన మగవాళ్లంతా 50 దాటినవాళ్లు, ఆడవాళ్లు 60 దాటినవాళ్లు. స్టాటిన్ ఎల్‌డీఎల్‌నూ సీఆర్‌పీనీ రెంటినీ తగ్గిస్తుంది కాబట్టి, మేలు దేని వల్ల అన్న వాదన కూడా మిగిలిపోయింది.

సీఆర్‌పీయే నాళాలను పాడుచేస్తోందా అన్న ప్రశ్నకు జన్యువులు జవాబిచ్చాయి. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువ తయారయ్యే జన్యువులున్న మనుషులకు గుండెపోట్లు ఎక్కువేమీ రావు. కానీ ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని పుట్టుకతోనే మందగింపజేసే జన్యు మార్పు ఉన్నవాళ్లకు గుండె జబ్బు తక్కువ. అంటే తప్పు సీఆర్‌పీది కాదు, దాని వెనకున్న మార్గానిది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే, మార్కెట్‌లో సీఆర్‌పీ తగ్గిస్తాం అని అమ్మే సగం సరుకు మీ జేబు జోలికి రాదు.

దీనికి అసలైన పరీక్ష 2017లో క్యాంటోస్ ట్రయల్‌లో జరిగింది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా ఆపైన ఉన్న 10,061 మందిని తీసుకుని, కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1బీటాను అడ్డుకునే కనకినుమాబ్ ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి ఇచ్చారు. కొలెస్ట్రాల్ ఇసుమంత కూడా తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణం కలిపి 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే తగ్గించినా గుండెకు మేలు జరుగుతుందని మనుషుల్లో మొదటిసారి రుజువైంది అప్పుడే. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. గుండె కోసం ఆ మందు వాడకంలోకి రాలేదు. ఆ తర్వాత కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో ప్రయత్నిస్తే, ఇంటర్‌ల్యూకిన్లూ తగ్గలేదు, సీఆర్‌పీ తగ్గలేదు, గుండెకు లాభమూ రాలేదు.

కొల్చిసిన్ కథ ఇంకా నడుస్తోంది. గౌట్‌కు ఎప్పటినుంచో వాడుతున్న మందు ఇది. రోజుకు 0.5 మిల్లీగ్రాములతో, ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లలో 2019 నాటి కోల్‌కాట్ ట్రయల్ 23 శాతం, స్థిరమైన గుండె జబ్బు ఉన్నవాళ్లలో 2020 నాటి లోడోకో2 ట్రయల్ 31 శాతం తగ్గుదల చూపించాయి. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మోతాదుకు అనుమతి ఇచ్చింది. అయితే 2024లో గుండెపోటు వచ్చిన 7,062 మందిలో చేసిన క్లియర్ ట్రయల్‌లో ఏ లాభమూ కనిపించలేదు. నా మటుకు నేను దీన్ని స్థిరమైన గుండె జబ్బు ఉండి, స్టాటిన్ సరిగా వాడుతూ, అయినా సీఆర్‌పీ 2 దాటి ఉన్నవాళ్ల విషయంలోనే ఆలోచిస్తాను. అదీ కిడ్నీ పనితీరు చూసుకున్నాకే. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిస్తే ఇది విషంగా మారగలదు. మీకు గుండె జబ్బు ఉందని తేలలేదు కాబట్టి ఈ మందు మీకు వర్తించదు.

ఇంకో జాగ్రత్త చాలా గట్టిగా చెప్పాలి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించాలి కదా అని కొందరు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ వేసుకోవడం చూశాను. దయచేసి ఆ పని చేయకండి. అవి గుండెపోటు రిస్క్‌ను పెంచుతాయి. అదే జాతికి చెందిన రోఫెకాక్సిబ్‌ను 2004లో మార్కెట్‌లోంచి వెనక్కి తీసుకున్నది గుండెపోట్ల వల్లే. స్టెరాయిడ్లు కూడా సీఆర్‌పీని దించుతాయి, బదులుగా షుగర్‌నూ బీపీనీ ఎక్కిస్తాయి. అంకె దిగడం వేరు, గుండె బాగుపడటం వేరు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. టెస్ట్ చేయించుకున్న రోజుకు ముందు రెండు మూడు వారాల్లో జలుబు, జ్వరం, పన్నునొప్పి, దెబ్బ, టీకా, ఆపరేషన్, అలవాటు లేని కఠిన వ్యాయామం ఏమైనా ఉన్నాయేమో గుర్తుచేసుకోండి. ఉంటే ఈ 4.6కు విలువ లేదు. లేకపోయినా, ఒంట్లో పూర్తిగా బాగున్న రోజు చూసుకుని మరోసారి చేయించుకోండి, వీలైతే అదే ల్యాబులో. అప్పుడూ 2 దాటి ఉంటే అది నిలకడగా ఉన్న ఇన్‌ఫ్లమేషన్ కింద లెక్క.

అప్పుడు కారణం వెతకాలి. మీరు పొట్ట పెరిగిందని రాశారు. నా అనుమానం ముందు దాని మీదే. పేగుల చుట్టూ చేరే కొవ్వు ఊరికే కూర్చోదు, ఇంటర్‌ల్యూకిన్-6ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. బరువు తగ్గితే సీఆర్‌పీ తగ్గడం చాలామందిలో కళ్లకు కనిపిస్తుంది. తర్వాత చిగుళ్లు. ఒకసారి ఒకావిడకు సీఆర్‌పీ ఎన్నిసార్లు చేసినా 6, 7 మధ్యే వస్తోంది. కొలెస్ట్రాల్ మందు పెంచాలా అని వచ్చారు. బ్రష్ చేసుకునేటప్పుడు రక్తం వస్తుందా అని అడిగితే, ఏళ్లుగా వస్తోంది, అది మామూలే అనుకున్నానన్నారు. పళ్ల డాక్టరు చిగుళ్ల లోపలి గార తీసి శుభ్రం చేశాక, కొన్ని నెలలకు అది 3 లోపుకు దిగింది. చిగుళ్లు బాగుచేస్తే గుండెపోట్లు తగ్గుతాయని ఇంకా రుజువు కాలేదు. కానీ ఆవిడకు అనవసరంగా మందు పెరగలేదు, నోరు బాగుపడింది. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే అలవాటు ఉందేమో ఇంట్లోవాళ్లను అడగండి. పొద్దున లేచాక కీళ్లు గంటసేపు బిగుసుకుపోవడం, సోరియాసిస్ లాంటి చర్మ సమస్య ఉన్నా చెప్పండి. కీళ్లవాతం ఉన్నవాళ్లకు గుండె రిస్క్ మామూలు వాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు. ఆడవాళ్లయితే నోటి ద్వారా వేసుకునే ఈస్ట్రోజన్ మాత్రలు కూడా సీఆర్‌పీని పెంచుతాయి.

దీంతోపాటు నేనైతే రెండు పరీక్షలు అడుగుతాను. ఒకటి లైపోప్రోటీన్(ఎ), ఎల్‌డీఎల్ లాంటిదే మరో కొలెస్ట్రాల్ కణం. ఇది వారసత్వంగా వస్తుంది, జీవితంలో ఒకసారి చేస్తే చాలు. నాన్నగారికి 55 లోపే నాళం పూడుకుంది కాబట్టి మీకిది తప్పనిసరి అంటాను. రెండోది సీటీలో చేసే కరోనరీ కాల్షియం స్కోర్. ఇది నాళాల్లో గట్టిపడ్డ ప్లాక్‌ను నేరుగా చూపిస్తుంది, కాబట్టి మీరు అసలు తెలుసుకోవాలనుకున్నదానికి సీఆర్‌పీ కంటే ఇదే దగ్గరి జవాబు. సున్నా వస్తే మంచిదే. కానీ మెత్తటి ప్లాక్ ఇందులో కనిపించదు కాబట్టి, ఈ వయసులో, ఈ కుటుంబ చరిత్రతో, సున్నా వచ్చినా పూర్తిగా భరోసా పడను. ఈఎస్‌ఆర్, తెల్లకణాల లెక్క, ఫైబ్రినోజెన్ లాంటివి కూడా గుండె రిస్క్‌తోపాటు కొంత పెరుగుతాయి గానీ, చికిత్స నిర్ణయించడానికి పనికిరావు. హోమోసిస్టీన్‌ను విటమిన్లతో దించి చూశారు, గుండెపోట్లు తగ్గలేదు. ఇంటర్‌ల్యూకిన్-6ను నేరుగా కొలవడం పరిశోధనలకు సరిపోతుంది, రోజువారీ వైద్యంలో అవసరం లేదు.

ఒకటి మాత్రం వేరుగా చెబుతాను. ఎప్పుడైనా ఛాతీలో బరువు, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటతో ఆయాసం వస్తే ఈ మార్కర్లన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ చూసేది ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్). సీఆర్‌పీ తక్కువ ఉంది కదా అని ఆ నొప్పిని ఇంట్లో భరించకూడదు.

మందు ప్రశ్నకు: 4.6 అనే అంకెకు విడిగా మందు లేదు. రెండోసారి కూడా 2 దాటి ఉంటే, చిన్న వయసులో నాన్నగారికి వచ్చిన జబ్బు, అంచుల్లో ఉన్న బీపీ కూడా కలిపి చూస్తే, స్టాటిన్ గురించి మీ డాక్టరుతో గట్టిగా మాట్లాడాల్సిన పరిస్థితే. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు కూడా 2 లేదా ఆపైన ఉన్న హెచ్‌ఎస్-సీఆర్‌పీని, 55 లోపు తండ్రికి వచ్చిన గుండె జబ్బును రిస్క్ పెంచే అంశాలుగానే చూస్తాయి. కాల్షియం స్కోర్ సున్నా కాకుండా ఏదైనా వస్తే నేను తటపటాయించకుండా స్టాటిన్ వైపే మొగ్గుతాను. ఆస్పిరిన్ మాత్రం సీఆర్‌పీ చూసి మొదలుపెట్టకండి. జబ్బు లేనివాళ్లలో రక్తస్రావం ముప్పు లాభాన్ని మింగేస్తుంది.

నెలనెలా టెస్ట్ అక్కర్లేదు. ఇప్పుడు రెండు వారాల తేడాతో రెండుసార్లు, తర్వాత బరువు తగ్గడమో స్టాటిన్ మొదలుపెట్టడమో జరిగితే మూడు నెలలకు లిపిడ్ ప్రొఫైల్‌తోపాటు ఒకసారి. నెలనెలా చేయిస్తే 2.8, 4.1, 1.9 అంటూ ఒంట్లో చిన్నచిన్న ఇన్‌ఫెక్షన్లతో అది ఊగుతూనే ఉంటుంది, మీకు టెన్షన్ తప్ప కొత్త సమాచారం రాదు. రెండో రిపోర్టు, లైపోప్రోటీన్(ఎ), కాల్షియం స్కోర్ వచ్చాక యూనిట్లతో సహా ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.